శ్రావణంలో మెరిసి, భాద్రపదంలో తెల్లబడిన వాకిలి

దసరా వెళ్లిన నాలుగో రోజు సైనిక్‌పురి నుంచి ఫోను వచ్చింది. ఇంటి ముందు పేవర్ బ్లాకుల (నేలకు పరిచే సిమెంటు ఇటుకల) మీద పాలు ఒలికి ఆరిపోయినట్టు తెల్లగా తేలిందని, ఇప్పటికే ఇద్దరు వచ్చి చూసి వెళ్లారని ఆ ఇంటాయన చెప్పారు. ఇంకో కోటు సీలర్, అంటే నేలకు రక్షణగా పూసే పూత, వేస్తే పోతుందని ఒకరన్నారట. యాసిడ్ పోయాలని రెండో వారన్నారట. "మీరేమంటారు?" అని అడిగారు. చూడకుండా ఏమీ అననని చెప్పాను. చూశాక మొదటి రోజు నేను అన్నదీ సగం తప్పే. అదీ దాచకుండా రాస్తాను.

నాది నేలల పని. పన్నెండేళ్లుగా హైదరాబాద్‌లో గ్రానైటు, షాబాద్ బండలు, పేవర్ బ్లాకులు శుభ్రం చేయడం, సీలర్ వేయడం, ఇతరులు వేసిన సీలర్ తీయడం చేస్తున్నాను. ఈ మధ్య వేసే పనికన్నా తీసే పనే ఎక్కువగా ఉంటోంది. అందులో సగం ఇలాంటి తెల్లదనం గురించే. అన్నీ ఒకేలా కనిపిస్తాయి కాబట్టే ఈ కేసును వివరంగా రాయాలనిపించింది.

వాకిలి పూర్వాపరాలు

ఆ ఇల్లు పాతికేళ్ల నాటిది. పోర్టికో నుంచి గేటు దాకా 40 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు. గేటు వైపు కొద్దిగా వాలు. మొదట అక్కడ షాబాద్ బండలుండేవి. కూతురి పెళ్లి కుదరగానే బండలు తీయించి, మే నెలాఖరులో 60 మిల్లీమీటర్ల మందం జిగ్‌జాగ్ బ్లాకులు పరిపించారు. రెండు వరసలు బూడిదరంగు, ఒక వరస ఎరుపు. పెళ్లి శ్రావణంలో. దానికి పది రోజుల ముందు, వాకిలి నూనె రాసినట్టు నిగనిగలాడాలని, మెరుపునిచ్చే అక్రిలిక్ సీలర్ రెండు కోట్లు వేయించారు. నీటిలో కలిసే రకం కాదు, థిన్నర్ లాంటి ద్రవంలో కలిపిన సాల్వెంటు రకం. ఆ వారమంతా వాన పడుతూనే ఉంది. తెరిపి ఇచ్చిన ఒక మధ్యాహ్నం మొదటి కోటు, మర్నాడు రెండో కోటు వేశారు. ముహూర్తం ఆగదు, వానా ఆగదు. మధ్యలో ఇరుక్కున్న పెయింటరు మాత్రం ఏం చేస్తాడు?

పెళ్లి రోజు వాకిలి మెరిసింది. ఫోటోలు చూపించారు, నిజంగానే మెరిసింది. వినాయక చవితి నాటికి మసక మొదలైంది. బతుకమ్మ నాటికి ఎరుపు వరసలు వెలిసిపోయిన గులాబీ రంగులోకి వచ్చాయి. పెయింటర్లను పిలిస్తే వాళ్లు నేరం ముగ్గు మీద మోపారు. రోజూ ముగ్గు వేస్తే తెల్లబడక ఏమవుతుందని అన్నారు. ఆ మాట విన్న రోజు నుంచి ఇంటి పెద్దావిడ, ఇంటాయన తల్లి, ఎనభై దాటిన మనిషి, వాకిట్లో ముగ్గు వేయడం మానేశారు. నేను గేటు తీసుకుని లోపలికి రాగానే ఆవిడ వాకిలి బాగవుతుందా అని అడగలేదు. "నాయనా, ఇది నా ముగ్గు వల్లేనా?" అని అడిగారు.

అందుకని ముందు ముగ్గు సంగతే తేల్చాను. దానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. తడి గుడ్డతో గట్టిగా రుద్దాలి. తెల్లదనం సీలర్ పైన ఉంటే గుడ్డకు వస్తుంది, సీలర్ కింద ఉంటే రాదు. గుడ్డకు ఏమీ రాలేదు. గోరుతో గీకినా పైన పొడి లేదు. తెలుపు అద్దం వెనక మసకలా ఉంది. "మీ ముగ్గు కాదమ్మా" అని చెప్పాను. ఆవిడ కొడుకు వైపు ఒక చూపు చూసి లోపలికి వెళ్లిపోయారు. కొందరు ఇక్కడ యాసిడ్ చుక్క వేసి పొంగితే చౌడు అని తేల్చేస్తారు. ముగ్గుపిండిలో సున్నపురాయి పొడి ఉంటే అదీ పొంగుతుంది. ఆ రెండింటి మధ్య తగవు తీర్చడానికి యాసిడ్ పనికిరాదు.

తెలుపు లేని చోటు

తెల్లబడిన వాకిలి చూడటానికి వెళ్లినప్పుడు నేను ముందు తెల్లబడని చోటు వెతుకుతాను. ఇక్కడ పోర్టికో కింద 12 అడుగుల మేర ఒక్క మచ్చ లేదు. అదే సీలరు, అవే డబ్బాలు, అదే రోజు, అవే చేతులు. అంటే సీలర్ నాసిరకం అన్న అనుమానం అక్కడితో పోయింది. పోర్టికోకు పైకప్పు ఉంది, వాన పడదు. కారు అక్కడే ఉంటుంది కాబట్టి రోజూ నీళ్లు పోసి కడగరు. తేడా నీళ్లలోనే ఉంది.

పోర్టికో దాటాక ఎడమ ప్రహరీ పక్కన ఒక మామిడి చెట్టు. దాని నీడ పడే మేరంతా తెలుపు ఒకే రీతిలో, పల్చటి మజ్జిగ పోసినట్టు ఉంది. వంగి పక్క నుంచి చూస్తే రోలర్ లాగిన చారలు కనిపించాయి. చార మీద చార పడ్డ చోట తెలుపు మరింత చిక్కగా ఉంది. గేటు ముందు చివరి పదడుగుల్లో మాత్రం తెలుపు వేరే రకం. ఒక బ్లాకు మీద ఉంటుంది, పక్క బ్లాకు మీద ఉండదు. బ్లాకు అంచుల్లో, సందుల వెంట ఎక్కువగా ఉంది, కొన్నిచోట్ల సుద్దముక్కతో గీసినట్టుంది. రెండు చోట్లా తెలుపే కానీ తీరు వేరు. ఈ తేడాను నేను చూశాను, నోటు పుస్తకంలో రాసుకున్నాను కూడా. రాసుకుని మరీ పట్టించుకోలేదు.

గేటు మూలలో ఆరు బ్లాకులు మరోలా ఉన్నాయి. యాసిడ్ సలహా ఇచ్చిన మనిషి బాత్రూములు కడిగే యాసిడ్‌ను నీళ్లు కలపకుండా అక్కడ పోసి చూపించాడట. సీలర్ పొర చెక్కుచెదరని చోట యాసిడ్ ఆ పొర కింద ఉన్న తెలుపును తాకలేదు. పొర చిట్లిన చోట, సందుల్లోంచి దిగిన చోట సిమెంటు పైపూత తినేసి కంకర బయటపడింది. ఎరుపు పోయింది, తెలుపు పోలేదు. ఆ ఆరు బ్లాకులకు మందు లేదు, మార్చాల్సిందే.

నేను తొందరపడిన చోటు

సాల్వెంటు సీలర్ తెల్లబడిందంటే మొదట గుర్తొచ్చేది బ్లషింగ్. ఫర్నిచర్ పాలిష్ చేసేవాళ్లకు ఇది కొత్త కాదు. వానాకాలంలో లక్కర్ కొడితే చెక్క మీద తెల్లటి మబ్బు కమ్ముతుంది. సాల్వెంటు ఆవిరవుతూ పొరను చల్లబరుస్తుంది, గాలిలోని తేమ ఆ చల్లదనానికి చెమ్మగా దిగి పొరలో చిక్కుకుంటుంది. పేవర్ల మీదా అదే జరుగుతుంది, పైగా ఇక్కడ బ్లాకు లోపలి తడి కూడా తోడవుతుంది. నీటికి రంగు లేదు కానీ నురుగు తెల్లగా ఉంటుంది కదా! పారదర్శకమైన పొరలో లెక్కలేనన్ని నీటి తుంపరలో గాలి బుడగలో ఉంటే వెలుగు నేరుగా పోలేక చెదిరిపోతుంది, మనకు తెలుపు కనిపిస్తుంది. హైదరాబాద్‌లో ఆగస్టు ఉదయాల్లో గాలిలో తేమ 80 శాతం దాటడం మామూలే. చెట్టు నీడ, తడిసిన బ్లాకు, దాని మీద మందపాటి కోటు: బ్లషింగ్‌కు కావలసినవన్నీ సమకూరాయి.

మందం సంగతి బిల్లు చూస్తే తెలిసింది. 20 లీటర్ల డబ్బాలు మూడు కొన్నారు, ఏమీ మిగల్లేదు. డబ్బా మీద రాసిన లెక్క ప్రకారం 720 చదరపు అడుగులకు రెండు కోట్లూ కలిపి 40 లీటర్లలోపు సరిపోవాలి. మిగతాది ఎక్కడికి పోయిందో చెట్టు కింద నేలే చెబుతోంది. పని ముగించుకునే ముందు మూడో డబ్బాను అక్కడ ఖాళీ చేసి ఉంటారు. డబ్బులిచ్చి కొన్న సరుకు వృథా చేయకూడదన్న మంచి బుద్ధి చాలా వాకిళ్లను ఇలాగే పాడు చేసింది.

బ్లషింగ్ అవునా కాదా తేల్చడానికి జైలీన్ అనే సాల్వెంటు వాడతాం. పెయింటు షాపులో లక్కర్ పలుచన చేయడానికి ఇచ్చే మామూలు ఎన్.సి. థిన్నర్ కాదు. అందులో రకరకాల సాల్వెంట్ల కలగలుపు ఉంటుంది, త్వరగా ఆరిపోయి మళ్లీ బ్లషింగ్ తెస్తుంది. జైలీన్ నిదానంగా ఆరుతుంది. గుడ్డకు కొద్దిగా అద్ది తెల్లటి చోట రాస్తే అక్రిలిక్ పొర కరిగి మెత్తబడుతుంది, చిక్కుకున్న చెమ్మకు, బుడగలకు బయటపడే దారి దొరుకుతుంది. తెలుపు పోయి మళ్లీ రాకపోతే లోపం పొరలో ఉన్నట్టు. జైలీన్ ఆరాక తిరిగి వస్తే లోపం పొర కింద ఉన్నట్టు, అంటే బ్లాకు లోపలి ఉప్పు (లవణం) పైకి తేలిందనో, పొర బ్లాకును వదిలేసిందనో అర్థం.

చెట్టు కింద ఒకచోట, గేటు దగ్గర ఒకచోట రాశాను. రెండు చోట్లా తెలుపు మాయమై ఎరుపు నిగనిగా బయటికి వచ్చింది. పది నిమిషాలు ఆగాను. ఇంటాయన ముఖం వెలిగింది. "బ్లషింగే సార్. ఒక రోజు పని, జైలీన్‌తో పోతుంది" అని చెప్పేశాను. ఆ పది నిమిషాలకు జైలీన్ పూర్తిగా ఆరనే లేదు. తడిసిన సుద్ద కనిపించదు, ఆరితే కనిపిస్తుంది, అంతే కదా. మర్నాడు ఉదయం ఆరున్నరకు ఫోనులో ఫోటో వచ్చింది. చెట్టు కింద రాసిన చోటు శుభ్రంగా ఉంది. గేటు దగ్గర రాసిన చోటు పక్కవాటికన్నా తెల్లగా ఉంది. కింద ఒక్క వాక్యం: "ఒక రోజు పని అన్నారు."

మళ్లీ మొదటి నుంచి

ఈసారి ఆరు చోట్ల రాసి, ప్రతి చోటునూ నీలం టేపుతో గుర్తు పెట్టి, 24 గంటలు వదిలేశాను. చెట్టు నీడలో ఉన్న మూడు చోట్ల తెలుపు రాలేదు. గేటు దగ్గర మూడు చోట్లా వచ్చింది. ప్యాకింగ్ టేపు అంటించి లాగితే చెట్టు కింద పొర కదల్లేదు. గేటు దగ్గర పొర టేపుతో పాటు ఉల్లిపొరలా లేచింది, దాని అడుగున తెల్లటి పొడి అంటుకుని ఉంది. పొర పోయిన చోట పలచటి యాసిడ్ ఒక చుక్క వేస్తే బుసబుసమని పొంగింది. ఇప్పుడు యాసిడ్ సాక్ష్యం చెల్లుతుంది, ఎందుకంటే ముగ్గుకు ఆ పొర కిందికి పోయే దారి లేదు. ఒకే వాకిలిలో రెండు రోగాలు. చెట్టు కింద బ్లషింగ్, గేటు దగ్గర ఎఫ్లోరసెన్స్, అంటే గోడలకు పట్టే చౌడు లాంటిదే.

ఇంటాయన జూనియర్ కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ఆయనకు వివరించడం సులువైంది. సిమెంటు నీటితో కలిసి గట్టిపడేటప్పుడు కాల్షియం హైడ్రాక్సైడ్ పుడుతుంది, అది సున్నమే. నీరు దాన్ని కరిగించుకుని సన్నని రంధ్రాల గుండా పైకి వస్తుంది. పైన గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తగిలి కాల్షియం కార్బొనేట్ అవుతుంది. మొదటిది లీటరు నీటిలో గ్రాముకు పైగా కరుగుతుంది, రెండోది దాదాపు కరగదు. అందుకే వచ్చింది వచ్చినట్టు అక్కడే ఉండిపోతుంది. "సున్నపు తేటలోకి గొట్టంతో ఊదించే ప్రయోగమే ఇది సార్, మీరు పిల్లలతో చేయించి ఉంటారు" అన్నాను. "ముప్పై ఏళ్లు" అన్నారాయన, వాకిలి వైపే చూస్తూ.

ఆయన అడిగిన తర్వాతి ప్రశ్న సరైనది. బ్లాకులు పరిచాక దాదాపు మూడు నెలలు ఆగి సీలర్ వేయించారు. కొత్త బ్లాకుల్లోని సున్నం మొదటి కొన్ని నెలల్లో బయటికి వచ్చేస్తుంది, అది తగ్గాక సీలర్ వేయమంటారు. మరి ఆగినా ఎందుకిలా? క్యాలెండర్ ప్రకారం ఆగారు కానీ, ఆ మూడు నెలల్లో బ్లాకు అడుగున తడి ఏనాడూ ఆరలేదు. తయారీ నీటితో వచ్చే తెలుపు ఒక రకం, తర్వాత బయటి నుంచి చేరే నీటితో వచ్చేది ఇంకో రకం. మొదటిది దానంతటది తగ్గుతుంది. రెండోది నీరు ఆగేదాకా ఆగదు.

బ్లాకులనూ అనుమానించకుండా వదల్లేదు. పెరట్లో మిగిలిన బ్లాకులు 60 దాకా పేర్చి ఉన్నాయి, సీలర్ వేయనివి. మట్టిని ఆనుకున్న అడుగు వరస అంచులు తెల్లబడ్డాయి, పైవరసలు శుభ్రంగా ఉన్నాయి. ఒక బ్లాకును వారం రోజులు ఎండలో ఉంచి వంటింటి కాటా మీద తూచాం, 3,420 గ్రాములు. ఒక రోజు నీళ్లలో ముంచి తుడిచి తూచితే 3,590. అంటే బరువులో 5 శాతం నీరు పీల్చింది. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 15658 సగటున 6 శాతం దాకా ఒప్పుకుంటుంది. ప్రయోగశాలలో అయితే ఓవెన్‌లో ఆరబెట్టి తూస్తారు, నాది మోటు లెక్కే. అయినా బ్లాకులు చెడ్డవి కావని ఆ మాత్రం చెబుతుంది.

ఇక మిగిలింది కింద ఏముందో చూడటం. సాయంత్రం నాలుగింటికి గేటు దగ్గర 18 అంగుళాల చదరం ప్లాస్టిక్ షీటు పరిచి నాలుగు వైపులా టేపు వేశాం. ఇది కాంక్రీటు తడి చూసే పాత పద్ధతి, కనీసం 16 గంటలు ఉంచాలి. మర్నాడు తొమ్మిదింటికి తీస్తే షీటు అడుగున నీటి బొట్లు. చివరి వాన పడి అప్పటికి ఐదు రోజులైంది. గేటు వరసలో రెండు బ్లాకులు ఊడదీశాం. అడుగున ఇసుక కాదు, సిమెంటు కలిపిన రాతిపొడి, ముద్దగా ఉంది. వేలు గుచ్చితే గుంటలోకి నీరు ఊరింది.

సంగతి అప్పుడు పూర్తిగా తేలింది. షాబాద్ బండలు తీసినప్పుడు వాటి కింది పాత కాంక్రీటు బెడ్డు తీయలేదు. గట్టిగా ఉంది కదా అని దాని మీదే రాతిపొడి, సిమెంటు పొడిగా కలిపి పరిచి బ్లాకులు పేర్చారు. మన ఊళ్లో చాలామంది ఇలాగే చేస్తారు, బ్లాకులు కదలవన్న నమ్మకం. కానీ రాతిపొడిలోని మెత్తని ధూళి నీటిని పట్టుకుంటుంది, అందులోని సిమెంటు మరింత సున్నం అందిస్తుంది. గేటు దగ్గర అడ్డంగా ఒక కాంక్రీటు కట్ట ఉంది. వాలు వెంట దిగిన నీరు కట్ట దాటలేదు, కాంక్రీటు బెడ్డులోంచి ఇంకలేదు. వాకిలి కింద మనకు కనిపించని ఒక పళ్లెం నిండి ఉంది. దాన్ని నింపుతున్నది వాన ఒక్కటే కాదు. మేడ మీది నుంచి దిగే నాలుగంగుళాల పైపు నోరు సరిగ్గా అక్కడే తెరుచుకుని ఉంది. పైన ఎండ నీటిని లాగుతుంది, సీలర్ పొర ఆవిరిని ఆపుతుంది, తెచ్చిన సున్నాన్ని నీరు ఆ పొర కిందే వదిలేస్తుంది.

రోజూ కడిగే బోరు నీటిని కూడా చూశాను. నీటిలో కరిగిన లవణాలను కొలిచే టి.డి.ఎస్. మీటరు లీటరుకు 1,100 మిల్లీగ్రాములు చూపించింది. తాగే నీటికి కోరదగ్గ హద్దు 500. కొళాయి కింద బ్లాకుల పైన కనిపించిన గట్టి తెల్ల చారలు దానివే. అవి చిన్న సమస్య, వెనిగర్‌కే లొంగాయి.

చేసిన పని

చెట్టు కింది పని ముందు పెట్టుకున్నాం, నవంబరులో, మంచు ఆరాక పది నుంచి ఒంటిగంట లోపు. నాలుగడుగుల చదరాలుగా విడగొట్టుకుని ఒక్కోదాని మీద జైలీన్ పలచగా చల్లి, పొర మెత్తబడగానే పొడి రోలర్‌తో సమంగా సర్ది, ఎక్కువైన సీలర్‌ను రోలర్‌కే ఎక్కించి తీసేశాం. మందం ఎక్కువున్న చోట రెండుసార్లు చేయాల్సి వచ్చింది. కొత్త సీలర్ ఒక్క చుక్క కూడా వేయలేదు. ఇంకో కోటు సలహా విని ఉంటే ఈ పొర మరింత మందమయ్యేది.

జైలీన్‌తో పని అంటే జాగ్రత్త. దాని ఆవిరి 30 డిగ్రీల లోపే నిప్పంటుకునే స్థితికి వస్తుంది, అంటే మన ఊరి మామూలు మధ్యాహ్నం చాలు. గేటు బయట బీడీ తాగుతున్న వాచ్‌మన్‌ను కూడా పక్క వీధికి పంపాను. ముఖానికి కట్టుకునే గుడ్డ ఈ ఆవిరిని ఆపదు, ఫిల్టరు డబ్బా ఉన్న కార్ట్రిడ్జి మాస్కే కావాలి. వాడిన గుడ్డలను మూత ఉన్న డబ్బాలో వేసుకుని తెచ్చుకున్నాం, డ్రైనేజీలో పడేయలేదు.

గేటు వైపు 180 చదరపు అడుగులు మొత్తం ఊడదీశాం. దాదాపు 650 బ్లాకులు. టైల్సు అయితే పగలగొట్టాల్సిందే, పేవర్లలో ఉన్న గొప్పతనం ఇదొక్కటే: తీసి మళ్లీ పెట్టుకోవచ్చు. తిరగేసి పెట్టేయవచ్చు కదా అని ఇంటాయన అడిగారు. పైఅంచులకు ఏటవాలు చెక్కుడు ఉంటుంది కాబట్టి తిరగేస్తే సందులు కుదరవు. అందుకే పెరట్లో టార్పాలిన్ పరిచి బ్లాకులకు సీలర్ తీసే జెల్లు పట్టించాం. షాపుల్లో దొరికే ఘాటైన పెయింట్ రిమూవర్లు చాలావాటిలో మిథిలీన్ క్లోరైడ్ ఉంటుంది, నేను దాన్ని నా మనుషుల చేతికి ఇవ్వను. బెంజైల్ ఆల్కహాల్ జెల్లు నిదానం, నాలుగైదు గంటలు పడుతుంది, కానీ పొర మొత్తం తోలులా లేచి వస్తుంది. తర్వాత లీటరు నీటికి 50 గ్రాముల సల్ఫామిక్ యాసిడ్ పొడి కలిపి, ముందుగా తడిపిన బ్లాకుల మీద బ్రష్‌తో రుద్ది, పొంగు తగ్గగానే పుష్కలంగా కడిగాం. తెలుపు అక్కడే పోయింది. బాత్రూము యాసిడ్‌ను ఎంత పలుచన చేసినా ఈ పనికి నేను ఇష్టపడను. అది సున్నంతో కలిసి కాల్షియం క్లోరైడ్ అవుతుంది, సరిగా కడగకపోతే గాలిలోని తేమను లాక్కుని బ్లాకును తడిగా ఉంచుతుంది. కడిగిన బ్లాకులను నిలువుగా నిలబెట్టి మూడు వారాలు ఎండకు వదిలేశాం. పదకొండు పగిలాయి. వాటి బదులు, యాసిడ్ తిన్న ఆరింటి బదులు పెరట్లోవి వాడాం.

ఆ మూడు వారాల్లో అసలు పని జరిగింది. ముద్దగా ఉన్న రాతిపొడి గీకి ఎత్తేశాం. కాంక్రీటు బెడ్డులో కట్ట వెంట రెండంగుళాల రంధ్రాలు ఆరు, కింద మొరం తగిలేదాకా వేయించాం. మొదటి రంధ్రం పడగానే నిలిచిన నీరు గుటగుటమని దిగిపోయింది. నాతో వచ్చిన కుర్రవాడు చప్పట్లు కొట్టాడు. రంధ్రాల్లో సన్న కంకర నింపి పైన నీటిని మాత్రమే పోనిచ్చే జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిచాం, లేకపోతే ఇసుక జారిపోతుంది. దాని మీద సిమెంటు లేని, కడిగిన ముతక ఇసుక 30 మిల్లీమీటర్ల మందం. మేడ పైపును తోట మూలలో ఉన్న ఇంకుడు గుంతకు మళ్లించాం. గుంత పాతదే, ఇంటి వెనక పైపు ఒక్కటే దానికి కలిపి ఉంది. ముందు పైపు కలపడానికి కావలసింది 22 అడుగుల పీవీసీ పైపు, రెండు వంపులు.

అభిప్రాయభేదం వచ్చింది చివరి సీలర్ దగ్గరే. గేటు వైపు బ్లాకుల మీద పొర కట్టే సీలర్ మళ్లీ వేయనన్నాను. బ్లాకులోకి ఇంకిపోయే సిలేన్-సిలాక్సేన్ రకం వేస్తానన్నాను. అది నీటి బొట్టును లోపలికి పోనివ్వదు, లోపలి ఆవిరిని బయటికి పోనిస్తుంది, కానీ మెరవదు. "సగం మెరిసి సగం మెరవకపోతే చూసేవాళ్లేమంటారు?" అన్నారు ఇంటాయన. న్యాయమైన మాటే. మొత్తం మెరుపు తీసేద్దామా అంటే ఇంటావిడ ఒప్పుకోలేదు. మూడు రోజులు ఎటూ తేలలేదు. చివరికి రెండింటి హద్దులో ఎరుపు బ్లాకులతో అడ్డంగా ఒక పట్టీ వేశాం, కావాలని చేసిన డిజైనులా ఉంటుందని. నిజం చెప్పాలంటే నాకది పూర్తిగా నచ్చలేదు. మబ్బు పట్టిన రోజు బాగుంటుంది, ఎండలో తేడా తెలుస్తుంది.

జనవరి మొదటి వారంలో ప్లాస్టిక్ షీటు మళ్లీ వేశాం. 17 గంటల తర్వాత తీస్తే పొడిగా ఉంది. సంక్రాంతికి ఐదు రోజుల ముందు సీలర్ వేశాం. మొత్తం మీద నలుగురు మనుషులకు తొమ్మిది రోజుల పని. మొదట్లో ఒక రోజు అన్నాను కాబట్టి జైలీన్ పని కూలి తీసుకోలేదు.

వానల తర్వాత

ఈ సెప్టెంబరులో, పెద్ద వాన పడిన వారానికి, చెప్పకుండా వెళ్లి చూశాను. చెట్టు కింద తెలుపు తిరిగి రాలేదు, మామిడి జిగురు మచ్చలు మాత్రం ఉన్నాయి. ఇంకుడు గుంతకు పోయే పైపు జాలీలో ఆకులు ఇరుక్కుని కొంత నీరు మళ్లీ వాకిలి మీదికి పొర్లుతోంది. జాలీ తీసి శుభ్రం చేసి, నెలకోసారి చూడమని వాచ్‌మన్‌కు చెప్పాను. ఆ నీరు పారే దారిలో, కట్ట పక్కన పది బ్లాకుల మీద సన్నని తెలుపు కనిపించింది. పైన పొర లేదు కాబట్టి ఈసారి ఉప్పు బయటే తేలింది. తొమ్మిది బ్లాకుల మీద గట్టి బ్రష్‌తో పొడిగా రుద్దితే రాలిపోయింది.

పదో దాని మీద బ్రష్ పెట్టబోతుంటే వరండాలోంచి పెద్దావిడ కేక వేశారు. "అది తుడవకు నాయనా, పొద్దున్నే వేశాను."